నందం గుటక

రేడియోలో వాతావరణం చదివే మనిషిని జనం మంగలి షాపులో కూడా వదిలిపెట్టరు. గడ్డానికి సబ్బు నురగ పట్టించుకుని, తల వెనక్కి వాల్చి, గొంతు మీద కత్తి పెట్టించుకున్నవాడు నోరు విప్పలేడన్న ఇంగితమైనా ఉండదు. “ఏమండీ, వానొస్తదంటారా?” అని పక్క కుర్చీలోంచి అడుగుతారు. రాదంటే ఒక తంటా, వస్తుందంటే ఇంకో తంటా. కృపానందం చాలాకాలం “రేడియో వినండి” అని నవ్వి తప్పించుకునేవాడు. ఈ ఏడు ఆ నవ్వు కూడా అరిగిపోయింది. పోయిన కార్తీకంలో ఉప్పెన వచ్చి దివిసీమను ఊడ్చుకుపోయాక ఈ జిల్లాలో వాన సంగతి ఊసుపోక అడిగేవాళ్ళెవరూ మిగల్లేదు. అడిగేవాడి మొహంలో ఏదో ఉంటుంది. దాన్ని చూస్తూ నవ్వడం మర్యాద కాదు.

ఆ బుధవారం గవర్నర్‌పేట షాపులో అడిగినాయన మైలవరం రైతు. వేరుశనగ పీకించి కళ్ళంలో పోయించి పనిమీద బెజవాడ వచ్చాడట. గొంతు విని గుర్తుపట్టాడు. కృపానందానికి అసలే రెండు రోజుల్నించి జలుబు, గొంతులో గరగర. అయినా గుర్తుపట్టాడు.

“సాయంత్రం చెబుతామండీ,” అన్నాడు కృపానందం.

“అది అందరికీ చెప్పేదే కదండీ,” అన్నాడాయన.

ఇదిగో, ఈ ముక్కే ఇతని ప్రాణం తోడేస్తోంది. అందరికీ చెప్పేది ఒకటి, దాని వెనక దాచుకునేది ఇంకొకటి ఉంటుందని లోకం నమ్మకం. నిజానికి ఇతనికి తెలిసేదేముంది. మధ్యాహ్నం దాటాక వాతావరణ ఆఫీసు నుంచి ఫోనొస్తుంది. అవతల ఎవరో ఇంగ్లీషులో గడగడా చదువుతారు, ఇవతల ఇతను పెన్సిలుతో రాసుకుని తెలుగు చేస్తాడు. “ఒకటి రెండు చోట్ల” అంటే ఒక అర్థం, “అక్కడక్కడ” అంటే ఇంకొకటి, “చాలాచోట్ల” అంటే మరొకటి. మూడింటికీ ఆఫీసులో లెక్కలున్నాయి, మార్చడానికి వీల్లేదు. ఆ ఒకటి రెండు చోట్లు ఏ ఊళ్ళో మాత్రం ఎవరూ చెప్పరు. ఆ వెంటనే ధాన్యం, పసుపు, మిర్చి ధరవరలు. పావుగంటలో ఆకాశమూ అంగడీ రెండూ అయిపోతాయి. ఇతను ఇంటికి పోతాడు, జనం రాత్రంతా దాన్ని నెమరేసుకుంటారు.

షాపు నుంచి ఇంటికి వచ్చేసరికి వీధి మెట్టు మీద అక్క సంపూర్ణమ్మ కూర్చుని ఉంది. కూచిపూడి అవతల వాళ్ళ ఊరి నుంచి తొలి బస్సుకి వచ్చినట్టుంది. పక్కన గుడ్డ సంచి, అందులోంచి తొంగిచూస్తున్న గోంగూర. భార్య అమలమ్మ లోపలికి రమ్మని ఎంత పిలిచినా, వాడొచ్చాక వస్తాలే అని అక్కడే కూర్చుందట.

“ఎప్పుడొచ్చావక్కా? బావ బాగున్నాడా?”

“బావ సంగతి తర్వాత. వానుందా లేదా? ఆ ముక్క చెప్పు, మధ్యాన్నం బస్సుకి పోతా.”

మంచినీళ్ళు తాగుతూ, పమిటతో మొహం తుడుచుకుంటూ ఉన్న సంగతి చెప్పింది. బావ జక్కయ్య మక్తాకి, అంటే గింజల కౌలుకి, చేస్తున్న మూడెకరాల్లో మసూరి వరి పండి బంగారంలా ఉంది. కోత ముఠా ఈ శుక్రవారం వస్తామంది. ఆ రోజు కాదంటే పెద్ద కమతాల వాళ్ళు పట్టుకుపోతారు, మళ్ళీ క్రిస్మస్‌కి గానీ దొరకరు. అప్పటిదాకా ఉంచితే గింజ చేలోనే రాలుతుంది. పోనీ కోయిద్దామా అంటే, కోసిన వరిని పనలుగా చేలోనే పరవాలి. నాలుగు ఎండలు తగిలితే గానీ కట్ట కట్టి కుప్ప వేసుకోవడానికి వీలుండదు. ఆ నాలుగు రోజుల్లో చినుకు పడిందా, ఏడాది కష్టం బురదపాలు.

“ముందు నుయ్యి, వెనక గొయ్యిగా ఉందిరా. దానికి తోడు తిరుపతిరావు గారు చెప్పారు. వడ్ల ధర ఈ పది రోజులే నిలబడుద్దంట. తర్వాత పడిపోద్దంట.”

తిరుపతిరావు ఆ చుట్టుపక్కల నాలుగూళ్ళ వడ్లు కొని మిల్లుకి తోలే షావుకారు. వాన సంగతి చెప్పడానికి కృపానందం ఎట్లానో, ధర సంగతి చెప్పడానికి ఆయన అట్లా.

“ఆయనకెట్టా తెలుసు?”

“తెలుసో తెలీదో, ఆయనంటే జరుగుద్ది. ఎప్పుడు తప్పింది చెప్పు?”

“ఎట్టా తప్పుద్దక్కా? ధర పడుద్దంటాడు, కొనటం ఆపేస్తాడు, పడుద్ది. లేస్తదంటాడు, తన కొట్లో సరుకు బయటికి తియ్యడు, లేస్తది. అదేమన్నా జోస్యమా?”

“ఏదైతే ఏంటిరా. నిజమవటం కావాలిగానీ,” అంది సంపూర్ణమ్మ. అతను దగ్గాడు.

మక్తా గింజలు ఈ పంటలోనే కొలవాలి. కొలవకపోతే వచ్చే ఏడు చేను ఇంకొకరికి ఇచ్చేస్తానని భూమిగలాయన ముందే చెప్పి ఉంచాడు. అది పోతే జక్కయ్య మళ్ళీ కూలికి పోవాల్సిందే. యాభై దాటిన మనిషి, ఉప్పెన గాలికి ఇల్లు కూలితే ఇంకా గోడలు లేపుకోలేదు. ఇదంతా ఆమె నోటితో చెప్పలేదు. చెప్పాల్సిన పనీ లేదు.

“నాకేం తెలీదక్కా. మధ్యాన్నం దాటి ఫోనొస్తే గానీ నాకూ తెలీదు.”

“ఫోనులో చెప్పేది అందరికీ లేరా. మాకు నీ గుటక చాలు. అయినా ముందుగా ఒక మాట అడిగి రమ్మన్నాడు మీ బావ.”

“గుటకేంటి?”

సంపూర్ణమ్మ తమ్ముడి వంక వింతగా చూసింది. ఇంత చదువు చదివినవాడు తెలియనట్టు నటిస్తున్నాడేమో అనుకున్నట్టుంది. తర్వాత గొంతు తగ్గించి చెప్పింది. పోయినేడు ఉప్పెనకి ముందు సాయంత్రం ఇతను రేడియోలో హెచ్చరిక చదివాడు గదా. తుఫాను తీరం దాటుతుందనే ముందు ఠక్కున ఆగి గుటక వేశాడు. జక్కయ్య ట్రాన్సిస్టరు చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. మనోడు ఏదో మింగుతున్నాడే, పైకి చెప్పనియ్యట్లేదు, పదండి అన్నాడు. పిల్లల్ని చంకనేసుకుని, పేటలో వినేవాళ్ళందర్నీ కేకేసుకుని మిషను బడి మేడ మీదికి పోయారు. తెల్లారి చూస్తే సగం ఇళ్ళు లేవు.

“అప్పట్నించీ పేటంతా అదే. నందం గుటకేస్తే వాన, వెయ్యకపోతే లేదు. వేసంగిలో రెండుసార్లు వేశావు, రెండుసార్లూ గాలివాన కొట్టింది. కొత్తగా కాపరానికొచ్చిన కోడళ్ళకి కూడా తెలుసు.”

“ఆ రోజు నాకు గొంతెండిపోయిందక్కా. పొద్దుట్నించీ చదువుతున్నా, మంచినీళ్ళు తాగే తీరిక లేక.”

“ఎందుకెండింది మరి?” అంది సంపూర్ణమ్మ.

అమలమ్మ వంటింట్లోంచి నవ్వింది. కృపానందానికి నవ్వు రాలేదు. ఒక ఊరు ఊరంతా తన గొంతు ముడికి చెవి ఒగ్గి కూర్చుంటోంది. అన్నం తిన్నాక అక్కని బస్టాండుకి తీసుకెళ్ళి బస్సెక్కించాడు. కిటికీలోంచి ఆమె అతని చెయ్యి పట్టుకుని, “ఉద్యోగం గదా, పైకి చెప్పలేవు. నాకు తెలుసులే. బావని రేడియో దగ్గరే కూకోమంటా,” అంది. అతను ఏదో అనబోయే లోపు బస్సు కదిలింది.

*

రేడియో స్టేషన్లో వ్యవసాయ కార్యక్రమాలు చూసే వెంకటకృష్ణారావు గారు రిటైరవడానికి దగ్గరపడిన మనిషి. వక్క నములుతూ ఏ సంగతైనా ఒక సామెతతో చెల్లగొట్టేస్తారు. కృపానందం ఆయన బల్ల దగ్గరికి పోయి, గొంతు బాగోలేదు, ఈ పూట వాతావరణం మీరు చదవండి సార్ అని అడిగాడు.

“జలుబేగా. మిరియాల పాలు తాగు.”

“జలుబు కాదండీ.” జరిగిందంతా చెప్పాడు. చెబుతుంటే తనకే సిగ్గేసింది.

ఆయన విని, వక్క పలుకు ఒక బుగ్గలోంచి రెండో బుగ్గలోకి తోసుకున్నారు. “వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికి తెలుసన్నారయ్యా పెద్దలు. మనం జీతానికి చదువుతున్నాం. జనం వింటారు గానీ నమ్మరు, అదే మన అదృష్టం.”

“మా ఊళ్ళో నమ్ముతారండీ.”

“అయితే మీ ఊరి దురదృష్టం. ఇవాళ కొత్త గొంతు వినిపిస్తే, ఏదో జరిగి కృపానందాన్ని తీసేశారంటారు. ఇంకా కంగారు పడతారు. నువ్వే చదువు.”

అదీ నిజమే. ఫోనొచ్చింది. ఆగ్నేయ బంగాళాఖాతంలో అల్పపీడనం ఉన్నది. కోస్తా జిల్లాల్లో ఒకటి రెండు చోట్ల జల్లులు పడవచ్చు. మిగతా చోట్ల పొడి వాతావరణం. ఎన్నడూ లేనిది కృపానందం ఇవాళ అవతలివాణ్ణి అడిగాడు. “సార్, డెల్టాలో కోతలు మొదలయ్యాయండీ. అది ఇటు తిరిగే అవకాశం ఏమన్నా...”

“ఉన్నది చెప్పానండీ. ఇంకేం లేదు,” అన్నాడు అవతలాయన. ఆ గొంతులోనూ అలుపే వినిపించింది. పాపం, ఆయన్నెంతమంది అడుగుతున్నారో.

మనిషి రోజుకి ఎన్నిసార్లు గుటక వేస్తాడో ఎవడూ పట్టించుకోడు. వెయ్యకూడదని అనుకున్నామా, అక్కణ్ణించి నోట్లో నీళ్ళూరడం మొదలవుతుంది. స్టూడియోలో ఎర్రదీపం వెలిగాక కృపానందం పరిస్థితి అదే. కాగితం చేతిలో ఉంది, కళ్ళ ముందు మాత్రం జక్కయ్య ఇంటి ముందు తాటాకు పందిరి, ట్రాన్సిస్టరు చుట్టూ గొంతుక్కూర్చున్న పేట. జలుబు గొంతులో జిగురు అడ్డం పడుతోంది. మింగితే వాన. దగ్గితే ఏమంటారో, దానికేం అర్థం పెట్టుకున్నారో అక్క చెప్పలేదు. ఉన్న ఊపిరంతా కూడదీసుకుని అల్పపీడనం దగ్గర మొదలుపెట్టి పొడి వాతావరణం దాకా ఎక్కడా ఆగకుండా చదివేశాడు. వెనువెంటనే ధరలు, మసూరి ధాన్యం, అక్కుళ్ళ ధాన్యం, పసుపు కొమ్ములు. దీపం ఆరగానే గొంతు పట్టుకుని గుటక వేస్తే కళ్ళ నీళ్ళు తిరిగాయి.

గదిలోంచి బయటికొచ్చినప్పుడు గెలిచినట్టే అనిపించింది. తను ఏమీ చెప్పలేదు. కాగితంలో ఉన్నది చదివాడు, అంతే. సిటీ బస్సులో కిటికీ పక్కన సీటు దొరికాక, వంతెన దాటుతుంటే వెలిగింది. గుటక వెయ్యకపోవడం కూడా ఒక మాటే. ఈ పాటికి జక్కయ్య ట్రాన్సిస్టరు కట్టేసి, వాన లేదు, ముఠాని రమ్మనండి అని ఉంటాడు.

మర్నాడు పొద్దున టెలిగ్రాఫ్ ఆఫీసు కౌంటరు దాకా వెళ్ళాడు. ఏమని కొట్టాలి? వాన రావచ్చు అనా? అట్లా అని ఎవరు చెప్పారు? నన్ను నమ్మొద్దు అనా? అక్క దాన్ని చదివించుకుని ఇంకే అర్థం తీస్తుందో. వెనక నిలబడ్డవాళ్ళు విసుక్కుంటుంటే పక్కకి తప్పుకున్నాడు. మింగలేకా కక్కలేకా అంటారే, సరిగ్గా అదీ అతని అవస్థ.

*

శుక్రవారం ఎండ మాడ్చేసింది. శనివారం పొద్దున కూడా కాసింది. మధ్యాహ్నం ఫోనొచ్చినప్పుడు అవతలాయన గొంతు మారింది. అల్పపీడనం వాయుగుండమైంది, ఉత్తరంగా జరుగుతోంది. కోస్తాలో చాలాచోట్ల వర్షాలు, కొన్నిచోట్ల భారీగా. ఉప్పెన భయమేమీ లేదు, గాలి కూడా పెద్దగా ఉండదు, వట్టి వాన. వట్టి వానే చాలు కోసి పడేసిన చేనుకి.

ఆ సాయంత్రం చదువుతూ కృపానందం ఏదీ ఆపుకోలేదు. గుటక దానంతటదే పడింది, రెండుసార్లు. కోతలైపోయిన రైతులు పనలు గట్టు మీదికి చేర్చుకోవాలని, గింజ మొలకెత్తకుండా ఉప్పు నీళ్ళు చల్లుకోవాలని వెంకటకృష్ణారావు గారు రాసిచ్చిన నాలుగు ముక్కలూ చదివాడు. చదువుతుంటే తనమీద తనకే అసహ్యం వేసింది. చేతులు కాలాక ఆకులు ఎట్లా పట్టుకోవాలో చెబుతున్నట్టుంది.

శనివారం పొద్దుగూకే వేళకి పట్టుకున్న వాన ఆదివారమంతా వదల్లేదు. గుడిలో పాస్టరు గారు ప్రార్థన ముగించి, “బ్రదర్, ఎప్పుడు తగ్గుతుందంటారు?” అన్నారు. సోమవారం సెలవు పెట్టి బస్సెక్కాడు. పామర్రు దాటాక రోడ్డుకి రెండు పక్కలా చేలల్లో నీళ్ళే. నీళ్ళ మీద పనలు తేలుతున్నాయి. బస్సులో మనుషులు ఆ వైపు చూడకుండా తలకాయలు దించుకుని కూర్చున్నారు. ఇతన్నెవరూ గుర్తుపట్టలేదు. ఎవరితోనూ మాట్లాడితేగా.

జక్కయ్య చేలో మోకాలి లోతు నీళ్ళల్లో ఉన్నాడు. వంగి పన కింద రెండు చేతులూ పెట్టి, చంటిబిడ్డని ఎత్తినట్టు ఎత్తి, నీళ్ళు ఓడనిచ్చి, మెల్లగా గట్టు మీద కంకులు పైకి వచ్చేట్టు ఆనిస్తున్నాడు. గట్టు మీద సంపూర్ణమ్మ బకెట్లో ఉప్పు కలిపి వేపమండతో చల్లుతోంది. వాన సన్నగా పడుతూనే ఉంది. ఎత్తినవి ఒక వరస, ఎత్తాల్సినవి చేను చేనంతా.

“వచ్చావా నందం. బురదలో దిగమాక, ప్యాంటు పాడవుద్ది,” అన్నాడు జక్కయ్య.

కృపానందం ప్యాంటు మడిచి దిగాడు. చాలాసేపు ఇద్దరూ పనలు ఎత్తారు. నడుములు పట్టేశాయి. కంకి నలిపి చూస్తే గింజ కొసన తెల్లటి మొలక, బియ్యపు పురుగంత, అప్పుడే కన్ను తెరుస్తోంది.

“బావా, ఆ రోజు నేను...”

“నువ్వేం చేస్తావురా. గుటక వెయ్యలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పావు. వానే మాట తప్పింది.” నడుం నిలబెట్టి చేతి మీద నీళ్ళు విదిలించుకున్నాడు జక్కయ్య. “నువ్వట్టా మింగినప్పుడల్లా మీ అక్క ఏమంటదో తెలుసా? మావోడు మనల్ని తల్చుకుని దిగులు పడుతున్నాడు అంటది. ఆ రోజు మాత్రం గలగలా చదివేశావు. ఏం దిగుల్లేదులే, వాడు కులాసాగా ఉన్నాడు అనుకుని పడుకున్నాం.”

తిట్టినా బాగుండేది. చెంప మీద కొట్టినా బాగుండేది. కృపానందం ఇంకో పన ఎత్తాడు. సగం కంకులు నీళ్ళల్లో జారాయి.

తిరుపతిరావు మధ్యాహ్నం మోటారుసైకిలు మీద వచ్చి, దాన్ని రోడ్డు మీదే ఆపి, గొడుగు వేసుకుని గట్టెంబడి నడిచి వచ్చాడు. పొరుగు చేల వాళ్ళు కూడా ఒకరొకరే చేరారు. ఎవరో ఇంట్లోంచి కుర్చీ తెచ్చారు, ఆయన కూర్చోలేదు. మంచి మాటకారి, ఎవర్నీ పల్లెత్తు మాట అనడు. కంకి ఒకటి తెంపి అరచేతిలో నలిపి, మొలక చూసి నాలుక చప్పరించాడు.

“నీ మేలు కోరి చెబుతున్నా జక్కయ్యా. ఈ ముసురు ఇంకా మూడ్రోజులు వదలదు. రేపటికి ఇది మొలకెత్తిపోద్ది. అప్పుడు మిల్లువాడు మొహం కూడా చూడడు. ఇప్పుడైతే చేలో ఉన్నది ఉన్నట్టు నేను తీసుకుంటా. ఎత్తుబడి, నూర్పిడి, కూలి ఖర్చులన్నీ నావే. ధర సగమే అనుకో. ఉన్నమాట దాచటమెందుకు.”

“సగమంటే మక్తా తీరుద్దండి. తిండి గింజలు రావు,” అన్నాడు జక్కయ్య.

“మొలకెత్తితే మక్తా కూడా తీరదుగా.”

జక్కయ్య ఆకాశం వంక చూశాడు. ఆకాశం మాసిన దుప్పటిలా ఉంది, ఏ వైపు చూసినా ఒకటే రంగు. అప్పుడు తిరుపతిరావు నవ్వి, కృపానందం వైపు తిరిగాడు.

“ఇదుగో, మీ రేడియో అబ్బాయి ఇక్కడే ఉన్నాడుగా. ఏమయ్యా కృపానందం, నువ్వే చెప్పు. మూడ్రోజులు పడుద్దా లేదా?”

గట్టు మీద ఉన్నవాళ్ళందరూ ఇటు తిరిగారు. సంపూర్ణమ్మ చేతిలో వేపమండ ఆగింది. పడమర దిక్కున మబ్బు కొంచెం పల్చబడ్డట్టు కృపానందానికి అనిపించింది. గాలి కూడా పొద్దున వీచిన వైపు నుంచి లేదు. కానీ అనిపించడం వేరు, తెలియడం వేరు. ఒకసారి తను నోరు విప్పకపోతేనే చేను మునిగింది. ఇప్పుడు విప్పి, అదీ తప్పయితే? మొలకెత్తిన వడ్లు ఎవరి నెత్తిన పోస్తాడు? ఇన్నాళ్ళూ వాళ్ళు నమ్మనిది, తను ఎన్నిసార్లు చెప్పినా ఎవరూ చెవిన పెట్టనిది, ఇప్పుడైనా అందరి ముందూ తేల్చి చెప్పెయ్యాలనుకున్నాడు.

“నాకు తెలీదండీ. ఫోనులో వాళ్ళు చెప్పింది చదవటమే నా పని. అంతకి మించి నాకేమీ తెలీదు.”

చెప్పాక నెత్తి మీది బరువు దింపినట్టు ఎంత తేలికైందో. నిజం చెప్పాడు. తిరుపతిరావు మెచ్చుకోలుగా తల ఊపి, “చదువుకున్నవాడు, నిజాయితీగా చెప్పాడు,” అన్నాడు. సంపూర్ణమ్మ ఒక్క క్షణం తమ్ముడి మొహంలోకి చూసి, వేపమండ బకెట్లో పడేసింది. జక్కయ్య నీళ్ళల్లోంచి గట్టెక్కి, పంచె పిండుకుని, “సరే కానివ్వండి, తమరి ఇష్టం,” అన్నాడు. మిగతా చేల వాళ్ళు కూడా అదే బేరానికి ఒకరి తర్వాత ఒకరు తల ఊపారు.

*

మర్నాడు తెల్లారేసరికి ఎండ.

అట్లాంటి ఇట్లాంటి ఎండ కాదు. కడిగిన ఆకాశం, చుర్రుమనే ఎండ, దానికి తోడు పడమటి పొడిగాలి. పందిరి కింద నులకమంచం మీద కళ్ళు తెరిచిన కృపానందం ముందు అది చూసి సంతోషించాడు. ఆ తర్వాత నిన్నటి బేరం గుర్తొచ్చింది. ఇంట్లో అక్కాబావల్లేరు. పొయ్యి మీద అతనికోసం గంజి మూతపెట్టి ఉంది.

బస్సు కోసం రోడ్డు మీదికి వస్తుంటే చేలో మనుషులు కనిపించారు. తిరుపతిరావు పొద్దున్నే మనుషుల్ని పంపి, గట్లకి గండ్లు కొట్టించి నీళ్ళు బోదె కాలువలోకి తీయించాడు. కూలికి ఎవరొస్తారంటే పేటలో ఖాళీగా ఉన్నవాళ్ళెవరు? చేలో పంట అమ్ముకున్నవాళ్ళే. జక్కయ్య అవతలి మడిలో వరస పట్టుకుని పనలు తిరగేస్తున్నాడు. నిన్న ఎత్తినట్టే, కింద రెండు చేతులూ పెట్టి, మెల్లగా ఎత్తుతున్నాడు. మేస్త్రీ ఎవరో, “అంత నెమ్మదైతే ఎట్టా పెద్దాయనా, చెయ్యి ఆడాలి,” అని కేకేశాడు.

సంపూర్ణమ్మ రోడ్డు పక్క మడిలో ఉంది. తమ్ముణ్ణి చూసి నడుం ఎత్తలేదు.

“గంజి తాగావా?”

“తాగానక్కా.” గట్టు మీద నిలబడ్డాడు. “ఎండ కాసింది.”

“కాసింది.”

“ఒక్క రోజు ఆగితే సరిపోయేది. నాకు నిజంగా తెలీదక్కా.”

“తెలీదని నాకు తెలీదా?” అంది సంపూర్ణమ్మ. కోపం లేదు గొంతులో. కోపమున్నా అతనికి తేలిగ్గా ఉండేది. “ఆయనకి మాత్రం తెలుసా ఏంటిరా? మూడ్రోజులన్నాడు, ఏదీ ముసురు? మబ్బుని చూశాడు, మా మొహాలు చూశాడు, ఒక మాటన్నాడు. ఆయన తరఫున ఆయనే అన్నాడు. మా తరఫున అనేదానికి నువ్వొక్కడివే ఉన్నావు.”

“తప్పయితే?”

“తప్పయితే మునిగేవాళ్ళం. ఇప్పుడేమన్నా తేలామా? మనోడన్నాడులే అనుకుని ఇంకో పూట ఆగేవాళ్ళం. పోతే మన చేతుల్లోంచే పోయేది.” పన తిరగేసి, అంటుకున్న కంకుల్ని వేళ్ళతో విడదీసింది. “తెలిసింది చెప్పమని నిన్నెవరడిగారురా? వాన సంగతి దేవుడికి తెలుసు. మాకు కావాల్సింది అది కాదు.”

ఇన్నాళ్ళూ వీళ్ళు తన దగ్గర లేనిది అడుగుతున్నారని విసుక్కున్నాడు. ఉన్నదే అడిగారు, తమ తరఫున ఒక మాట. అది ఇవ్వాల్సిన వేళ, తిరుపతిరావు మెచ్చుకునేటట్టు నిజం చెప్పి తప్పుకున్నాడు. ఆ నిజం మోసం కాదని ఎవరైనా అంటారేమోనని చుట్టూ చూశాడు. చేలో అందరూ వంగి పని చేసుకుంటున్నారు.

దూరంగా బస్సు హారను వినిపించింది. సాయంత్రం డ్యూటీ. కృపానందం చెప్పులేసుకుని రెండడుగులు నడిచి, మళ్ళీ ఆగాడు. ఎవరూ ఫోను చెయ్యలేదు, చేతిలో కాగితం లేదు. ఆకాశం ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశాడు.

“రేపు కూడా ఎండే కాస్తదక్కా,” అన్నాడు గట్టిగా. “ఎల్లుండి కూడా.”

సంపూర్ణమ్మ ఇంకో పన కింద చేతులు పెట్టింది.

“కాయనీలేరా,” అంది. “తిరుపతిరావు గారి వడ్లు ఆరతాయి.”